నీళ్లున్న చోట పసిపిల్లలను కాపాడుకోవడం ఎలా?

మా దక్షిణ తెలంగాణ వైపు నీళ్లను దాచుకోవడం తరతరాల అలవాటు. ఫ్లోరైడ్ నీళ్లతో వేగిన మర్రిగూడ, మునుగోడు ఊళ్లలోనైనా, వానలు లేక జనం వలస బాట పట్టిన పాలమూరు పల్లెల్లోనైనా, నీళ్లు వచ్చిన పూట ఇంట్లో ఉన్న ప్రతి పాత్రనూ నింపి పెట్టుకోకపోతే ఇల్లాలికి నిద్ర పట్టేది కాదు. ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లా వచ్చిన తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు. నల్లా వదిలిన గంటలో వాకిట్లోని సంపు, స్నానాల గదిలోని తొట్టి, డ్రమ్ములు, బకెట్లు, పెరట్లో బర్రెల కోసం పెట్టిన కుడితి గోలెం అన్నీ నిండుతాయి. పెద్దలకు ధైర్యాన్నిచ్చే ఈ నిండు పాత్రలే, అప్పుడే నడక నేర్చిన బిడ్డకు ఇంట్లోకెల్లా పెద్ద ప్రమాదం.

నీట మునగడం అనగానే మనకు కృష్ణా నది, సాగర్ డ్యాం, నిండిన చెరువు గుర్తుకొస్తాయి. బడికి పోయే పిల్లల విషయంలో ఆ భయం సరైనదే. అంతకంటే చిన్నవాళ్లు మాత్రం ఎక్కువగా ఇంట్లోనో, ఇంటికి నాలుగడుగుల దూరంలోనో మునుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం, 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోగా, వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలే. మన ఇళ్లలో దీన్ని నీటిగండం అంటారు. జాతకం చూపించి, శాంతి చేయించి, సంపు మూత సంగతి మరచిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. శాంతి చేయించుకోవడం ఎవరి నమ్మకం వారిది, నేను కాదనను. కానీ అంతకంటే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

ఆ పనులు ఎందుకు చేయాలో అర్థం కావాలంటే పసిబిడ్డ శరీరం ఎలా ఉంటుందో తెలియాలి. ఏడాది, రెండేళ్ల బిడ్డకు ఒంటితో పోల్చితే తల బరువు ఎక్కువ. బకెట్ అంచు పట్టుకొని లోపలికి తొంగి చూసినప్పుడు తల ముందుకు వాలిపోతుంది, కాళ్లు పైకి లేస్తాయి, తిరిగి లేవడానికి చేతుల్లో బలం చాలదు. బకెట్ కూడా సగానికి పైగా నిండి ఉంటే ఒరగదు, కాబట్టి బిడ్డ తలకిందులుగానే ఉండిపోతుంది. ముక్కూ నోరూ మునిగేందుకు రెండు అంగుళాల నీళ్లు చాలు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది. మునిగే బిడ్డ కేక వేయదు, చేతులు ఊపదు. ఊపిరే అందనప్పుడు అరుపు ఎక్కడి నుంచి వస్తుంది? పక్క గదిలో ఉన్నాను, ఏడిస్తే వినపడుతుంది అనుకోవడం ఎంతమాత్రం పనికిరాదు. నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బ తినడం మొదలవుతుంది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసి వచ్చేలోపు ఆ సమయం గడిచిపోతుంది.

ముందు ఇంటిని చూసుకోండి

ఒక ఆదివారం పూట ఇల్లంతా తిరిగి చూడండి. నిలబడి కాదు, బిడ్డ ఎత్తుకు వంగి చూడండి. బిడ్డ చేయి అందే ఎత్తులో నీళ్లున్న ప్రతి పాత్ర ముందూ ఆగి, దీన్ని ఖాళీ చేయవచ్చా, మూయవచ్చా, ఎత్తున పెట్టవచ్చా అని వరుసగా మిమ్మల్ని మీరు అడగండి. బట్టలు పిండిన బకెట్, బోళ్లు తోమిన టబ్బు పని అయిన వెంటనే ఒంపి బోర్లించాలి. తాగునీళ్ల బిందెలు అరుగు మీదికి చేరాలి. డ్రమ్ములకు బిగుతైన మూతలు ఉండాలి. మూత లేని డ్రమ్ము మీద పళ్లెం పెట్టి సరిపుచ్చుకుంటే, బిడ్డ దాని మీద చేతులు ఆనించిన క్షణంలో పళ్లెంతో పాటే లోపల పడుతుంది. స్నానాల గదికి బయటి వైపు, పెద్దవాళ్ల ఎత్తులో గొళ్లెం పెట్టించుకోండి. దానికి ఖర్చు చాలా తక్కువ, అది తప్పించే ప్రమాదం చాలా పెద్దది.

సంపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా ఊళ్లలో సంపు మీద సిమెంటు పలకో, తుప్పు పట్టిన రేకు మూతో ఉంటుంది. మోటారు పైపు లోపలికి దిగడానికి దాన్ని ఒక పక్కకు జరిపి అలాగే వదిలేస్తారు, లేదా ట్యాంకర్ నీళ్లు పోయించుకున్నాక మూయడం మరచిపోతారు. పైపు కోసం మూత అంచున విడిగా రంధ్రం చేయించి, మూతకు ఇనుప బందు, తాళం పెట్టించండి. రేకు మూత అయితే పిల్లవాడు దాని మీద ఎక్కి గెంతినా వంగనంత మందం ఉండాలి. తాళంచెవి గోడ మేకుకు, పెద్దవాళ్లకు అందేంత ఎత్తున వేలాడాలి. మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు మూతకూ ఇదే నియమం. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు సంపు గుంత తవ్వి, వాన పడ్డాక పనులు ఆపేస్తే, ఆ గుంత చుట్టూ కంప కొట్టి అయినా మూయాలి. హైదరాబాదులోనూ ఇతర నగరాల్లోనూ భవన నిర్మాణాల దగ్గర గుడారాలు వేసుకొని ఉండే మన పాలమూరు కుటుంబాలకు ఈ ప్రమాదం రెట్టింపు. లిఫ్టు గుంతలు, సిమెంటు తడిపే తొట్లు, పునాది గుంతలు వానకు నిండి ఉంటాయి, తల్లిదండ్రులిద్దరూ పనిలో ఉంటారు. పని ఒప్పుకొనేటప్పుడే, పిల్లలుండే చోటికి కంచె కట్టించమని మేస్త్రీని అడగడం గొంతెమ్మ కోరిక ఏమీ కాదు.

బిడ్డ ఎవరి దగ్గర ఉన్నట్టు?

మూతలు, గొళ్లేలు సగం పని చేస్తాయి. మిగతా సగం మనుషుల మీద ఉంది, అదే కష్టమైన సగం.

మా మేనకోడలు పద్నాలుగు నెలల వయసులో నీళ్లలో పడిన రోజు ఇంట్లో పదహారు మంది పెద్దలున్నాం. ఆ రోజు అక్క వాళ్లింట్లో పోచమ్మ బోనం. అక్క, పాప అవ్వ దగ్గర ఉందనుకుంది. అవ్వ, కోడలు ఎత్తుకొని పోయిందనుకుంది. నేను వాకిట్లోనే కుర్చీలో కూర్చొని ఫోన్ చూస్తున్నాను. చేతులు కడుక్కోవడానికి పెట్టిన టబ్బులో పాప తల కిందికి ఉండగా మొదట చూసింది ఏడేళ్ల పక్కింటి పిల్లవాడు. అంతమంది ఉండటం వల్ల పాపకు కాపలా పెరగలేదు, తగ్గింది. ప్రతి ఒక్కరమూ మరొకరు చూస్తున్నారని నమ్మాం. మునిగిన పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడిన ప్రతిసారీ నాకు ఇదే మాట వినిపించింది: అందరం అక్కడే ఉన్నాం.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. బిడ్డ ఒకరి నుంచి మరొకరికి మారేటప్పుడు మాట పైకి అనాలి. “వదినా, పాపను నీకు అప్పజెప్పిన, నేను బట్టలు పిండుతున్న” అని ఒకరు అనాలి, “సరే, నా దగ్గర ఉంది” అని రెండోవారు బదులివ్వాలి. బదులు రాకపోతే అప్పజెప్పినట్టు కాదు. మొదట్లో ఇది ఎబ్బెట్టుగా అనిపిస్తుంది, వారం రోజుల్లో అలవాటవుతుంది. అప్పగించుకున్న మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, మందు తాగి ఉండకూడదు, పదేళ్ల అక్కో అన్నో అయి ఉండకూడదు. పెద్ద పిల్లలు చెల్లెలిని ఎత్తుకొని ఆడించవచ్చు గానీ, నీళ్ల దగ్గర కాపలా బాధ్యత వాళ్ల మీద వేయడం అన్యాయం. నీళ్లున్న చోట అయిదేళ్లలోపు బిడ్డ ఎప్పుడూ మన చేయి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. స్నానం చేయిస్తూ ఉండగా గేటు దగ్గర ఎవరో పిలిస్తే, తడి ఒంటితోనే బిడ్డను చంకన వేసుకొని వెళ్లండి. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లలను, వాళ్లు కొంచెం పెద్దవాళ్లయినా సరే, స్నానానికి ఒంటరిగా వదలకూడదు.

రోజులో ఏ సమయం ప్రమాదకరమో కూడా తెలుసుకోవాలి. చిన్నపిల్లలు నీట మునగడం గురించి ఎంతో పరిశోధన జరిగిన బంగ్లాదేశ్ పల్లెల్లో ఎక్కువ ప్రమాదాలు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట మధ్యలో, అంటే తల్లి వంటపనిలో, తండ్రి పొలంలో ఉండే వేళలో జరుగుతున్నాయని తేలింది. మన ఊళ్ల దినచర్య అంతకంటే వేరుగా ఏమీ లేదు. బడి ఈడు రాని పిల్లలను ఆ గంటల్లో ఎవరైనా కనిపెట్టి ఉండే చోట ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మనకు అలాంటి చోటు అంగన్‌వాడీ కేంద్రం రూపంలో ఇప్పటికే ఉంది. గుడ్డు కోసం, పాల కోసం మాత్రమే కాదు, నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో బిడ్డ ప్రాణం కోసం కూడా మూడేళ్లు నిండినవాళ్లను రోజూ పంపండి. కేంద్రం ఆవరణలో మూత లేని తొట్టి కనిపిస్తే టీచరమ్మకు అక్కడే చెప్పండి.

ఊరి నీళ్లు

గత కొన్ని దశాబ్దాల్లో దక్షిణ తెలంగాణలో నీళ్ల తీరు మారిపోయింది. సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ వైపు వాళ్లకు పారే నీళ్లు పాత చుట్టాలే. అదే ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలు, కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల కాలువలు వచ్చిన ఊళ్లలో చాలామంది పెద్దలు పారే నీళ్లను చూడకుండానే పెరిగారు. బావిలో ఈత కొట్టినవాళ్లు కూడా కాలువ గుణం ఎరుగరు. నీళ్లు వచ్చినంత తొందరగా వాటి గురించిన జాగ్రత్త రాలేదు.

కాలువ బావి లాంటిది కాదు. గట్లకు సిమెంటు లైనింగు వేసిన చోట అంచులు వాలుగా, నున్నగా ఉంటాయి, నీటిమట్టం దగ్గర పాకుడు పట్టి ఉంటుంది. చెప్పు కడుక్కోవడానికి దిగిన పిల్లవాడు జారితే పట్టుకోవడానికి గడ్డిపరక కూడా దొరకదు, లాగే నీళ్లు పైన ప్రశాంతంగా కనిపిస్తాయి. పైగా నీళ్లను వంతుల వారీగా వదులుతారు కాబట్టి, నిన్న పిల్లలు క్రికెట్ ఆడిన ఎండిన కాలువలో ఈ రోజు నిండుగా పారవచ్చు. మెట్లున్న చోట తప్ప కాలువలోకి ఎవరూ దిగకూడదని, తూముల దగ్గరికీ వంతెన కింద నీళ్లు సుడి తిరిగే చోటికీ అసలే పోకూడదని పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచే చెప్పాలి. బట్టలు ఉతకడానికి వెళ్లే తల్లులు పిల్లలను వెంట తీసుకుపోకపోవడమే మేలు. తప్పనప్పుడు ఇంకొక మనిషి ప్రత్యేకంగా పిల్లల కోసమే రావాలి.

బత్తాయి తోటల్లో తవ్వుకున్న ఫారం పాండ్ల విషయంలో నా మాట మరింత గట్టిగా ఉంటుంది. నీళ్లు ఇంకిపోకుండా లోపల ప్లాస్టిక్ షీటు పరిచిన కుంట, చూడటానికి ఎంత చిన్నదైనా, కాలువ కంటే ప్రమాదకరం. తడిసిన షీటు మీద పెద్ద మనిషి కూడా నిలదొక్కుకొని పైకి రాలేడు, ఈత వచ్చినా ఉపయోగం ఉండదు. పిల్లవాడిని తీయడానికి దిగిన తండ్రి కూడా బయటికి రాలేడు. అందుకని చుట్టూ నాలుగైదు అడుగుల ఎత్తున ఇనుప జాలి కంచె, తాళం వేసే గేటు ఉండాలి. దాంతో పాటు నాలుగు గట్లకూ బలమైన గుంజలు పాతి, ఒక్కొక్క గుంజకు అడుగడుక్కీ ముడి వేసిన మోకును కుంట అడుగుదాకా వదలండి. పడినవాళ్లు ముడి మీద కాలు మోపి పైకి రాగలుగుతారు. ఒక ఖాళీ ఇరవై లీటర్ల క్యాను మూత బిగించి, దానికి పొడవాటి తాడు కట్టి కంచెకు వేలాడదీయండి. పాత వ్యవసాయ బావుల గోడలు కూలి నేలకు సమంగా ఉంటే, గట్టు కట్టించడమో పూడ్చడమో చేయాలి.

చెరువుల్లో ఈత కొడుతూ పెరిగిన తాతల మాట ఇప్పుడు చెల్లదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినవీ, ఇటుక బట్టీలకు మట్టి, రోడ్లకు మొరం తవ్వుకుపోయినవీ కలిసి చెరువు అడుగు గుంతలమయమైంది. మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్న బిడ్డ మరుసటి అడుగులో రెండు నిలువుల గుంతలో పడవచ్చు. వానాకాలంలో అలుగు దూకుతున్నప్పుడు చూడబోయే తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకొని ఉండాలి. బతుకమ్మను సాగనంపే రాత్రి, వినాయకుణ్ణి నిమజ్జనం చేసే పూట పిల్లలు కట్ట మీదే, ఒకరి చేయి పట్టుకొని నిలబడాలి.

కృష్ణ దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. బీచుపల్లి ఘాటు జూరాలకు దిగువన ఉంది, వాడపల్లి సాగర్‌కు దిగువన ఉంది. ఎగువన ఎక్కడో వాన పడి గేట్లు ఎత్తితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే మెట్లు మునుగుతాయి. సోమశిల దగ్గరున్నది శ్రీశైలం జలాశయపు వెనుక నీళ్లు కాబట్టి, మట్టం తగ్గిన రోజుల్లో ఒడ్డున కాలు దిగబడే బురద ఉంటుంది. పసిపిల్లలకు నది స్నానం ఘాటు పై మెట్టు మీద చెంబుతో చేయించండి, పుణ్యంలో తేడా రాదు. పడవ ఎక్కితే బిడ్డ కొలతకు సరిపడే లైఫ్ జాకెట్ ఉండాలి. పెద్దవాళ్ల జాకెట్ వేసి బిగిస్తే బిడ్డ నీళ్లలో దాని నుంచి జారిపోతుంది. గాలి ఊదే రబ్బరు బాతులు, చేతి గాజుల వంటి ట్యూబులు ఆట వస్తువులు మాత్రమే.

ఆరేళ్లు దాటాక ఈత నేర్పించండి. నడుముకు బెండో ఖాళీ డబ్బానో కట్టి, పెద్దమనిషి తాడు పట్టుకొని బావిలో నేర్పే మన పాత పద్ధతిలో మంచి వివేకం ఉంది. ఇప్పుడు పట్టణాల్లో శిక్షకులున్న కొలనులూ ఉన్నాయి. ఎక్కడ నేర్పినా, వెల్లకిలా తేలడం, ఒడ్డుకు తిరిగి రావడం ముందు నేర్పాలి. ఈత వచ్చిన పిల్లవాడికి కూడా పెద్దలు తోడుండాల్సిందే.

ఎవరైనా మునుగుతుంటే

మా జిల్లాల్లో ఒక్కరితో ఆగిన విషాదాలకంటే, ఒకరి వెనక ఒకరు దిగి ముగ్గురు నలుగురు పోయిన విషాదాలే ఎక్కువ గుర్తుండిపోయాయి. చెల్లెలు జారితే అక్క, అక్క కోసం తల్లి. అందుకే పిల్లలకు నేర్పవలసిన మొదటి పాఠం, స్నేహితుడు మునుగుతుంటే దూకకు, గట్టిగా అరువు, పెద్దవాళ్లను పిలువు అన్నదే. పెద్దలు కూడా ముందు ఒడ్డున బోర్లా పడుకొని కర్రో చీరో తువ్వాలో అందించాలి. అందకపోతే తాడు కట్టిన క్యాను, బండి ట్యూబు, ఖాళీ బిందె విసరాలి. నీళ్లలో మోటారు ఉంటే దిగే ముందు స్టార్టర్ కాదు, మెయిన్ ఆపాలి, ఎందుకంటే తీగ తెగి నీళ్లలో కరెంటు ఉంటే తీయబోయినవాళ్లు కూడా బలవుతారు.

బిడ్డను బయటికి తీశాక కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పకండి, నెత్తిన వేసుకొని పరుగెత్తకండి, కడుపు నొక్కి నీళ్లు కక్కించకండి. అలా చేస్తే కడుపులోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. ఉప్పులో పాతిపెడితే ప్రాణం తిరిగి వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాట పచ్చి అబద్ధం, దాన్ని నమ్మి ఆసుపత్రికి ఆలస్యం చేయకండి. బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మరొకరు ఊపిరి ఉందో లేదో పది సెకన్లలో చూడాలి. ఊపిరి లేకపోతే తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి, ఛాతీ లేచేంత మెల్లగా రెండు నుంచి అయిదుసార్లు ఊదాలి. ఏడాదిలోపు బిడ్డకైతే ముక్కూ నోరూ రెండూ కలిపి మన నోటితో మూసి ఊదాలి. నీట మునిగినవాళ్లకు కావలసింది గాలి కాబట్టి ఊదడం ముందు. ఆ తర్వాత ఛాతీ మధ్యలో అరచేతి మడమతో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదాలి. ఏడాదిలోపు బిడ్డకైతే రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టి బొటనవేళ్లతో నొక్కాలి. నోటి నుంచి నురగ వస్తుంటే తుడుస్తూ కూర్చోకండి, వాంతి అయితే మాత్రం పక్కకు తిప్పి నోరు శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి. ఊపిరి వచ్చేదాకా, లేదా 108 సిబ్బంది చేతికి అందించేదాకా ఆపవద్దు. ఒంటరిగా ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచి, చేస్తూనే మాట్లాడండి. చదివి నేర్చుకొనే పని కాదిది. అవకాశం దొరికినప్పుడు ఆరోగ్య సిబ్బంది దగ్గర బొమ్మ మీద చేసి నేర్చుకోండి.

ఊపిరి తిరిగి వచ్చిన బిడ్డ ఏడ్చి, పాలు తాగి, నవ్వినా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మా మేనకోడలు టబ్బులోంచి తీసిన అర నిమిషానికే దగ్గి ఏడ్చింది. బోనం పని సగంలో ఉంది, పాప బాగానే ఉంది, రేపు చూపిద్దాం అని ఇద్దరు ముగ్గురు అన్నారు. అవ్వ ఎవరి మాటా వినకుండా పాపను కొంగులో చుట్టుకొని ఆటో ఎక్కింది. సాయంత్రానికి పాపకు ఊపిరి వేగం పెరిగి, పక్కటెముకలు లోపలికి గుంజుకుపోవడం మొదలైంది. అప్పటికి ఆసుపత్రి మంచం మీదే, ఆక్సిజన్ పక్కనే ఉంది కాబట్టి మూడో రోజు ఇంటికి వచ్చింది.